మావయ్య పెళ్ళి కోటు, గుడివాడ ఇంజను

ఆ రోజుల్లో ఉద్యోగం మారడం అనే మాటే మా బందరులో లేదు. ఉద్యోగం దొరకడం ఉండేది, ఉద్యోగం ఊడడం ఉండేది, మధ్యలో బదిలీలు ఉండేవి. దొరికినదాన్ని మనంతట మనమే వదులుకుని ఇంకోటి వెతుక్కోవడమంటే, విస్తట్లో వడ్డించిన అన్నం వదిలేసి పక్క పంక్తిలో ఏం వడ్డిస్తున్నారో చూడ్డానికి లేచి వెళ్ళడమే. ఇప్పటి ఇంజనీరు పిల్లలు రెండేళ్ళు తిరక్కుండా కంపెనీ మారుస్తుంటే నాకు ముచ్చటేస్తుంది, నిజం చెప్పొద్దూ, కాస్త కుళ్ళుగా కూడా ఉంటుంది. ఎక్కడ అడగాలో, ఏం చొక్కా వేసుకోవాలో, జీతం మాట ఎప్పుడెత్తాలో చెప్పడానికి వాళ్ళకి పుస్తకాలున్నాయి, క్లాసులున్నాయి. మాకు సలహాల మావయ్య ఒక్కరే ఉండేవారు.

ముందు నా సంగతి చెప్పాలి. నేను కాకినాడలో ఇంజన్ల చదువు చదివాను. ఎల్.ఎమ్.ఇ. ప్యాసయి ఇంటికొచ్చేసరికి దేశంలో ప్రాజెక్టులూ కాలవలూ జోరుగా సాగుతున్నాయి గాని, ఇంజన్లవాడి కోసం ఎవరూ కాచుకుని లేరు. ఇంజనీరంటే ఇంజనీరే కదా అని నన్ను దివిసీమలో, అవనిగడ్డ నుంచి నాగాయలంక వెళ్ళే దారిలో, ఒక కాలవ సెక్షనుకి సూపర్‌వైజరుగా వేశారు. అక్కడ నా పని గట్లకి పీతలు పెట్టే బొరియలు వెతికి పూడ్పించడం, తూముల దగ్గర నీటిమట్టం చూడడం, మా వంతు నీళ్ళు రాలేదని తెల్లవారకుండానే వచ్చి నా మంచం చుట్టూ నిలబడే రైతులకి సమాధానం చెప్పుకోవడం. ఇంజన్లు చదివినవాడికి పీతల్ని అప్పగించారన్నమాట. పీతలకి నేనంటే భయం లేదు. రైతులకి నా మీద జాలి ఉండేది గాని నమ్మకం ఉండేది కాదు. "కుర్రాడు మంచోడేనండీ, మా మీద పడ్డాడు పాపం" అని ఒకాయన ఇంకొకాయనతో అంటుంటే నా చెవులతో నేనే విన్నాను. సాయంత్రాలు అవనిగడ్డలో ఒక చిన్న రైసు మిల్లు ముందు నిలబడి లోపలి ఆయిల్ ఇంజను చప్పుడు వింటూ ఉండేవాణ్ణి. ఆ వయసులో పెళ్ళికాని కుర్రాళ్ళు ఎవరి గుమ్మాల ముందు తచ్చాడతారో మీకు తెలుసు. నేను మిల్లు గుమ్మం ముందు తచ్చాడాను.

ఇలా ఉండగా, గుడివాడలో ఒక మిల్లు యజమాని పెద్ద ఆయిల్ ఇంజను దింపించారనీ, దాన్ని చూసుకోవడానికి చదువుకున్న మనిషి కావాలంటున్నారనీ కబురు తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఈ అవకాశం పోతే ఇక నా జన్మంతా పీతలతోనే తెల్లారిపోతుందని గట్టిగా అనిపించింది. మా నాన్నగారితో చెప్పే ధైర్యం మాత్రం లేదు. గవర్నమెంటు ఉద్యోగం వదలడమంటే ఆయన లెక్కలో గోత్రం మార్చుకోవడమే. అందుకని బందరు వెళ్ళి సలహాల మావయ్య అరుగెక్కాను.

మావయ్యంటే నా మేనమామ కాదు. మా వీధి మొత్తానికీ మావయ్యే. మీసాలు రాని వయసులో తాలూకా కచేరీలో చేరి, తల నెరిశాక అదే కచేరీలో రిటైరైన మనిషి. జన్మలో ఒక్కసారి కూడా ఉద్యోగం వెతుక్కోలేదు. అందుకే కాబోలు, ఉద్యోగం ఎలా వెతుక్కోవాలో ఆయనకి అంత వివరంగా తెలుసు.

"ఒరేయ్, ఉద్యోగం అడిగినవాడికి రాదు" అన్నారు మావయ్య, వక్క కొరుకుతూ. "అడగనివాణ్ణి వెతుక్కుంటూ వస్తుంది. వెళ్ళు, కూర్చో, వాళ్ళు పెట్టింది తిను, అడిగినదానికి నిదానంగా జవాబు చెప్పు. ఉద్యోగం ఊసు మాత్రం నీ నోట రాకూడదు. వాళ్ళ నోటే రావాలి. ముందు నువ్వెత్తావా, పలచనైపోయావన్నమాటే."

"మరి నేనెందుకొచ్చానో వాళ్ళకి ఎలా తెలుస్తుంది మావయ్యా?"

"తెలియకపోవడానికి వాళ్ళేమన్నా పసిపిల్లలా? మిల్లుకి ఇంజను వచ్చింది, ఇంటికి ఇంజనీరొచ్చాడు. ఆమాత్రం కలుపుకోలేరూ?"

అది మొదటి సూత్రం. తక్కినవి వక్క నమలడం అయ్యేలోపల ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఒంటరిగా వెళ్ళకూడదు, వెనకా ముందూ ఎవరూ లేనివాడనుకుంటారు, కనక తను తోడు వస్తారు. మగవాళ్ళిద్దరే వెళితే అప్పులవాళ్ళలా ఉంటుంది, కనక అత్తయ్య కూడా వస్తుంది (అత్తయ్యకి గుడివాడలో ఇత్తడి బిందె కొనుక్కోవాల్సిన పని ఉంది, అది వేరే సంగతి). ఉత్త చేతులతో ఒకరి గుమ్మం తొక్కడం బందరువాళ్ళకి తలవంపులు, కనక తొక్కుడు లడ్డూలూ, అరటిపళ్ళూ తీసుకెళ్ళాలి. మంచిరోజు చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా కోటు వేసుకోవాలి. నాకు కోటు లేదు. మావయ్య దగ్గర ఒకటుంది, ఆయన పెళ్ళి కోటు. మా వీధిలో ఏ కుర్రాడు ఇంటర్వ్యూకి వెళ్ళినా అదే తొడుక్కుని వెళ్ళేవాడు. కాలరు మీద మావయ్య పెళ్ళినాటి పసుపు మరక ఇంకా అలాగే ఉండేది. ఎంత ఉతికినా పోలేదనేది అత్తయ్య. అసలు ఉతకలేదని నా అనుమానం.

గుడివాడకి సరుకు తోలే బంధువొకాయన ద్వారా మావయ్య ముందుగా కబురంపారు. ఫలానావారి అబ్బాయి, ఇంజనీరు, గవర్నమెంటులో పనిచేస్తున్నాడు, గురువారం దశమి బాగుంది కనక పెద్దవాళ్ళతో కలిసి వస్తున్నాడు, అని. ఎందుకు వస్తున్నాడో చెప్పలేదు. చెబితే మొదటి సూత్రం వమ్మయిపోదూ? మర్నాటికల్లా జవాబొచ్చింది. తప్పకుండా రమ్మనండి, మేమూ కాచుకుని ఉన్నాం, అని. "చూశావా!" అన్నారు మావయ్య. నాకు ఆయన మీద భక్తి కుదిరిపోయింది.

గురువారం పొద్దున్నే ముగ్గురం రైలెక్కాం. మావయ్య జరీ కండువా, అత్తయ్య పట్టుచీర, నేను పసుపు మరక కోటు, ఒళ్ళో లడ్డూల బుట్ట. పెడనలో అద్దకం చీరల మూటతో ఒకావిడ ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. మమ్మల్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఏ ఊరి సంబంధమమ్మా?" అని అత్తయ్యనడిగింది. అత్తయ్య నవ్వి, "సంబంధం కాదమ్మా, ఉద్యోగం" అంది. ఆవిడ నమ్మలేదు. కవుతరం దాకా నా వంక చూసి ముసిముసిగా నవ్వుతూనే ఉంది. అప్పటికైనా మాలో ఒక్కరికి బుర్ర వెలిగి ఉండాల్సింది. వెలగలేదు.

మిల్లు పక్కనే యజమానిగారి డాబా ఇల్లు. ఆయన గుమ్మంలోకి ఎదురొచ్చి, "రండి రండి బావగారూ, ప్రయాణం సుఖంగా సాగిందా?" అంటూ మావయ్య చేతులు పట్టుకున్నారు. (కృష్ణా జిల్లాలో ముక్కూ మొహం తెలియనివాణ్ణి కూడా బావగారూ అనడం అలవాటే కనక, అదీ మాకు అనుమానం కలిగించలేదు.) కాళ్ళకి నీళ్ళిచ్చారు. కొత్త జంపఖానా పరిచిన హాల్లో కుర్చీలు వేశారు. కాజాలొచ్చాయి, పకోడీలొచ్చాయి. కొలువు కోసం వచ్చినవాడికి ఇంత మర్యాదా అని నా కళ్ళు చెమ్మగిల్లినంత పనయింది. కిటికీలోంచి మిల్లు షెడ్డు కనిపిస్తోంది. లోపల్నుంచి నా ఇంజను డుబ్బు డుబ్బు మంటోంది. అవును, అప్పుడే అది నా ఇంజనైపోయింది.

"అబ్బాయి ఇప్పుడెక్కడ చేస్తున్నట్టు?" అనడిగారు యజమానిగారు.

"దివిసీమలో, కాలవల సెక్షనులో సూపర్‌వైజరండీ" అన్నారు మావయ్య.

"పర్మనెంటేనా?"

"పర్మనెంటేనండీ. పింఛను కూడా ఉంటుంది."

ఆయన తృప్తిగా తలాడించారు. ఇంత స్థిరమైన ఉద్యోగం వదులుకుని వస్తున్నాడంటే ఎంత దీక్ష ఉండాలి అని మెచ్చుకుంటున్నారు కాబోలనుకుని నేనూ తలాడించాను. సిగరెట్టు అలవాటుందా అనడిగారు. లేదన్నాం. నూనె ఇంజను దగ్గర నిప్పు పనికిరాదు కదా, అడగాల్సిన ప్రశ్నే. కోపం ఎక్కువా అనడిగారు. పనివాళ్ళతో మెలగాల్సినవాడు, అదీ అడగాల్సిందే. ఇంతలో ఆయన తల్లి, తొంభైకి దగ్గరపడ్డ మామ్మగారు, వచ్చి నా పక్కన కూర్చుని నా చెయ్యి తీసుకుని తడిమి చూసింది.

"ఇంత గరుగ్గా ఉన్నయ్యేంటయ్యా చేతులు?"

"ఈ పనికి గరుకు చేతులే మంచిదండీ మామ్మగారూ" అన్నాను గర్వంగా. మామ్మగారు ఏమనుకుందో గాని బుగ్గలు నొక్కుకుంది. నాకు చెమట పట్టి, రుమాలు కోసం కోటు జేబులో చెయ్యి పెట్టి లాగాను. రుమాలుతో పాటు, మావయ్య పెళ్ళినాటి అక్షింతలు జేబు మూలలోంచి జలజలా జంపఖానా మీద రాలాయి. "శుభం! శుభం!" అంది మామ్మగారు. ఎవరో లోపల కిసుక్కున నవ్వారు.

అప్పుడు ఒకమ్మాయి కాఫీ పళ్ళెంతో వచ్చి, అందరికీ ఇచ్చి, చాప మీద కూర్చుంది. యజమానిగారి అమ్మాయన్నారు. పెద్దింటి పిల్లయినా మాకు స్వయంగా కాఫీ తెచ్చింది, ఎంత వినయం అనుకున్నాను. అంతకుమించి నేను చూడలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఇంజను చప్పుడులో తేడా వచ్చింది. డుబ్బు డుబ్బు డుబ్బు, ఒక దెబ్బ తప్పడం, మళ్ళీ డుబ్బు డుబ్బు. నా ప్రాణం కిటికీలోంచి షెడ్డులోకి దూకింది. నేను తల తిప్పి అటే చూస్తూ కూర్చున్నాను. "పిల్లాడు బుద్ధిమంతుడు, కన్నెత్తి చూట్టంలా" అని మామ్మగారు పక్కావిడతో అనడం వినిపించింది గాని, దేన్ని కన్నెత్తి చూడ్డంలేదో నేను ఆలోచించలేదు.

యజమానిగారు గొంతు సవరించుకుని, "బాబూ, మొహమాటపడకు. నువ్వేమన్నా అడగాలనుకుంటే అడుగు" అన్నారు.

మావయ్య నా వంక చూశారు. వాళ్ళంతట వాళ్ళే అవకాశమిచ్చారు, ఇక అడగొచ్చు అని ఆ చూపుకి అర్థం. నేను కుర్చీలో ముందుకి జరిగి, పొద్దుట్నుంచీ గొంతులో దాచుకున్న ప్రశ్న అడిగేశాను.

"ఎన్ని హార్స్‌పవరండీ?"

యజమానిగారు కూతురి వంకా నా వంకా మార్చి మార్చి చూశారు. మామ్మగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏంటీ? ఏం పవరు?" అంది. చాప మీద కూర్చున్న అమ్మాయికి ముందు అర్థమైంది. పమిట చెంగు నోట్లో కుక్కుకుంది, ఆపుకోలేకపోయింది, పకపకా నవ్వేసింది. "నాన్నా, ఆయన అడుగుతున్నది నా గురించి కాదు, మన ఇంజను గురించి" అంది, కళ్ళు తుడుచుకుంటూ. అప్పుడు చూశాను నేను ఆ అమ్మాయి మొహం, మొదటిసారి. ఎడం బుగ్గ మీద సొట్ట. నవ్వితే కళ్ళు పూర్తిగా మూసుకుపోయే మొహం. ఇంత ఆలస్యంగా చూశానేమిరా భగవంతుడా అనిపించింది.

తర్వాత సంగతులు తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. వాళ్ళు తెలిసినవాళ్ళందరికీ రెండు మాటలు చెప్పి ఉంచారట. అమ్మాయికి గవర్నమెంటు ఉద్యోగమున్న ఇంజనీరు కావాలి, మిల్లుకి ఇంజనీరు కావాలి, అని. మేం కండువాతో, పట్టుచీరతో, లడ్డూలతో, పెళ్ళి కోటుతో, దశమి గురువారం చూసుకుని దిగాం. ఇక వాళ్ళు మాత్రం ఏమనుకుంటారు?

"అయితే నువ్వు ఆ ఉద్యోగం వదిలేద్దామని వచ్చావా?" అన్నారు యజమానిగారు, తడబడుతూ. "గవర్నమెంటు ఉద్యోగం? పింఛనున్న ఉద్యోగం?"

"అవునండీ" అన్నాను.

"మతి గాని చలించిందా బిడ్డకి?" అంది మామ్మగారు, నా నుదురు తడిమి చూస్తూ.

మావయ్య తేరుకుని, "పోనిద్దురూ బావగారూ! రెండూ ఖాయం చేసేసుకుంటే పోలా?" అన్నారు. సలహా ఇవ్వడంలో ఆయనకి అలుపన్నది లేదు.

యజమానిగారు చాలాసేపు మీసం దువ్వుకున్నారు. కోపం తెచ్చుకోలేదు, అది ఆయన గొప్పతనం. "రెండూ ఎలా కుదుర్తయ్యండీ? పిల్లనివ్వాలంటే ఆ ఉద్యోగం ఉండాలి. నా దగ్గరికి రావాలంటే అది వదలాలి. అల్లుణ్ణి తెచ్చి మిల్లులో పెట్టుకుంటే, ఇల్లరికం తెచ్చుకున్నాడని ఊరంతా నా మొహానే నవ్వుద్ది. సర్కారు కొలువు కాలదన్నుకునేవాడు నా కళ్ళకి అల్లుడుగా పనికిరాడు. కానీ ఇంజను కోసం దాన్నే వదులుకొచ్చేవాడు పనివాడుగా దొరికితే నేను వదులుకోను. తేల్చుకోవాల్సింది నువ్వే బాబూ. అమ్మాయా, ఇంజనా?"

ఇంత సూటి ప్రశ్న నన్ను ఎవరూ అంతకుముందు అడగలేదు, తర్వాతా అడగలేదు. ఒక పక్క ఎడం బుగ్గ సొట్ట, దానితో పాటు జన్మంతా పీతలు. ఇంకో పక్క ఇంజను. ఆ అమ్మాయి తల దించుకోలేదు. నా వంకే చూస్తోంది. జవాబు కోసమో, ఇంకో వింత ప్రశ్న అడుగుతాననో తెలియదు.

సరిగ్గా అప్పుడు ఇంజను రెండు దెబ్బలు తప్పి, దగ్గి, ఆగిపోయింది.

నేను లేచి నిలబడ్డాను. లేవాలని అనుకోలేదు. కాళ్ళే లేచాయి, కాళ్ళే గుమ్మం వైపు తిరిగాయి. అంతలో సిగ్గేసి ఆగి ఆ అమ్మాయి వంక చూశాను. "వెళ్ళండి" అంది నవ్వుతూనే. "పొద్దుట్నుంచీ అలాగే నసుగుతోంది." నేను షెడ్డులోకి పరిగెత్తాను. ఆయిల్ వచ్చే గొట్టంలో చెత్త అడ్డుపడింది, అంతే. పెద్ద విద్యేం కాదు. ఊడదీసి, ఊది, బిగించి, చక్రం తిప్పితే మళ్ళీ డుబ్బు డుబ్బు మంది. ఆ చప్పుడు వింటూ నిలబడ్డప్పుడు కలిగిన సంతోషం ఇన్నేళ్ళయినా నా ఒంట్లో అలాగే ఉంది. బయటికి వచ్చేసరికి అత్తయ్య, "అయ్యో, మా పెళ్ళి కోటు!" అని లబోదిబోమంది. విప్పడం మరిచిపోయాను. పసుపు మరకకి తోడు కోటు చేతుల నిండా నల్ల నూనె మరకలు.

యజమానిగారు ఒకటో తారీఖు నుంచి పనిలోకి రమ్మన్నారు. వచ్చేటప్పుడు ఒక చిక్కొచ్చింది. సంబంధం కుదరలేదు కనక లడ్డూలు ఉంచుకోవచ్చునా, తిరిగిచ్చెయ్యాలా? అందరూ మొహమొహాలు చూసుకుంటుంటే మామ్మగారే తీర్పు చెప్పింది. "ఉద్యోగానికి తెచ్చినయ్యేగా, ఉంచండి" అంటూ అప్పటికే ఒకటి చిదుపుతోంది. తిరుగు రైల్లో మావయ్య, ఒళ్ళో కొత్త బిందె పెట్టుకుని, "చూశావురా, చివరిదాకా ఉద్యోగం ఊసు నువ్వెత్తలేదు. వాళ్ళే ఎత్తారు" అన్నారు. హార్స్‌పవరు ఊసెత్తాను కదా అన్నాను. అది ఇంజను ఊసు గాని ఉద్యోగం ఊసు కాదన్నారు. మా నాన్నగారు మాత్రం, కొడుకు ఒకే పూటలో గవర్నమెంటునీ, మిల్లు యజమాని కూతుర్నీ కాదన్నాడని విని, కార్తీకమాసం వెళ్ళేదాకా నాతో మాట్లాడలేదు.

మరుసటేడు వైశాఖంలో ఆ అమ్మాయికి పెళ్ళి కుదిరింది. అల్లుడు గవర్నమెంటు ఇంజనీరే. పెళ్ళిళ్ళ రోజుల్లో కరెంటు మీద భరోసా లేదు కనక, "పందిట్లో దీపాల పూచీ నీదే బాబూ" అన్నారు యజమానిగారు. పందిరి వెనక చిన్న ఇంజనొకటి పెట్టి డైనమోకి బెల్టు తగిలించాను. స్నాతకం ముందు పెళ్ళికొడుకు నా దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. "మీకు నేను చాలా రుణపడి ఉన్నానండీ. దివిసీమలో మీరు వదిలిన సెక్షనుకే నన్ను వేశారు. మీరు రాజీనామా చెయ్యబట్టి ఆ పోస్టు ఖాళీ అయింది. ఆ పోస్టుండబట్టి ఈ సంబంధం కుదిరింది" అన్నాడు. నిష్కల్మషమైన మనిషి. "పీతలెలా ఉన్నాయండీ?" అనడిగాను. "ఉన్నాయండీ. మీరు పూడ్పించిన బొరియల పక్కనే కొత్తవి పెట్టాయి" అన్నాడు.

తాళి కట్టాక, అరుంధతిని చూపించడానికి పురోహితులు వధూవరుల్ని పందిరి వెనక్కి తీసుకొచ్చారు. అక్కడే నా డైనమో. పురోహితులు ఆకాశం వైపు వేలు చూపిస్తున్నారు. పెళ్ళికొడుకు నక్షత్రం కోసం శ్రద్ధగా వెతుకుతున్నాడు. బుగ్గ చుక్క పెట్టుకున్న పెళ్ళికూతురు మాత్రం ఒక్క క్షణం తల దించి నా వైపు చూసి, ఎవరికీ వినపడకుండా, "ఎన్ని హార్స్‌పవరండీ?" అంది.

"అయిదండీ" అన్నాను.

నేను ఆ మిల్లులో చేరాక ఆమెతో ఆడిన మాట అదొక్కటే. తర్వాత నాకూ పెళ్ళయింది, మంచి పిల్లే దొరికింది. (ఇది రాస్తుంటే, "హార్స్‌పవరు కథ ఇంకా అవలేదా, కాఫీ చల్లారిపోతోంది" అని ఆవిడ లోపల్నుంచి కేకేస్తోంది.) ఇంజన్లతో నా జీవితం హాయిగా గడిచింది, ఆ రోజు లేచి నిలబడ్డందుకు నేనెప్పుడూ విచారించలేదు. ఇప్పుడు మావయ్య లేరు. వీధిలో కుర్రాళ్ళు, "ఉన్న ఉద్యోగం వదిలి వేరేదానికి వెళ్ళొచ్చా మావయ్యా?" అని నా అరుగెక్కుతున్నారు. వెళ్ళమనే చెబుతాను. ఒక్కడివే వెళ్ళు, లడ్డూలు తీసుకెళ్ళకు, ఎందుకొచ్చావో గుమ్మంలోనే చెప్పెయ్యి అంటాను. వాళ్ళు నవ్వి లేచి చెప్పులు తొడుక్కుంటుంటే, నూనె మరకల పెళ్ళి కోటులో ఆ షెడ్డు గుమ్మంలో నిలబడ్డ వెర్రిబాగులవాడొకడు కళ్ళకి కడతాడు. అప్పుడు వెనక్కి పిలిచి ఇంకొక్క సలహా ఇస్తాను. "ఒరేయ్, ఎదురుగా ఎవరైనా అమ్మాయి వచ్చి కూర్చుంటే, ముందు ఆ అమ్మాయి మొహం చూడు. ఇంజను ఎక్కడికీ పోదు."